ఆకుపచ్చ కూజా

ఊరి చివరి పాత గోదామును చెక్క గోడలతో గదులుగా చేసి చేతిపనివాళ్లకు అద్దెకు ఇచ్చారు. వెనక గదిలో కుమ్మరి సారె పెట్టుకుని కూజాలూ కప్పులూ చేసే ఆవిడ అందరికీ మట్టక్క. పక్క గదిలో పేముతో బుట్టలూ కుర్చీలూ అల్లేది బుట్టమ్మ. ఇద్దరి మధ్యా ఉన్నది పలుచని చెక్కే కాబట్టి, అటు దగ్గు వినబడితే ఇటునుంచి "మంచినీళ్లు తాగవే" అని కేక వచ్చేది.

ఆ ఏడాది మట్టక్కకు నడుం పట్టేసింది. సారె ముందు పీట మీద గంటల తరబడి వంగి కూర్చోవడమే కారణం. గోడ అవతలి మూలుగులు వినలేక బుట్టమ్మ వేరే పనులు పక్కన పెట్టి ఆమెకోసం ఒక పొట్టి కుర్చీ అల్లింది. చట్రం ఎదురు గదిలోని వడ్రంగి మామ చేసిచ్చాడు. వీపు ఆనే చోట పేమును బిగించి, కూర్చునే చోట కాస్త వదులుగా అల్లింది.

"ఇదేంటే, నన్ను మహారాణిని చేసేశావు!" అంది మట్టక్క అందులో కూర్చుని. "ఇక దిగమన్నా దిగను చూడు."

"దిగకపోతే కుర్చీతో సహా మోసుకెళ్లి మీ ఇంట్లో పడేస్తాంలే అక్కా."

మట్టక్క నవ్వింది గానీ, తీసుకుని ఊరుకునే మనిషి కాదు. ఒకరి దగ్గర ఏదైనా పుచ్చుకుంటే తిరిగి ఇచ్చేదాకా ఆమెకు ముద్ద దిగదు. కొన్ని వారాలపాటు గోడ అవతల రోట్లో ఏదో నూరుతున్న చప్పుడు వినిపించింది. ఆ తరువాత ఒక ఉదయం గుడ్డలో చుట్టిన కూజా తెచ్చి బుట్టమ్మ ఒళ్లో పెట్టింది.

అలాంటి ఆకుపచ్చ రంగు బుట్టమ్మ ఎన్నడూ చూడలేదు. తడి ఆకు మీద ఎండ పడినట్టు లోపలా బయటా మెరుస్తోంది. ఏళ్లుగా పేము లాగి లాగి బుట్టమ్మ వేళ్లు కాస్త వంకరపోయాయి. కూజా పిడి సరిగ్గా ఆ వంకరకే కొలత తీసినట్టుంది. ఆమె పిడి పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక తన చేతిని చూసి ఎవరూ ఏదీ చేసివ్వలేదు.

"ఎప్పుడు కొలిచావక్కా?"

"కొలవడమెందుకు? రోజూ చూసే చెయ్యేగా. ఇదిగో, ఇది కొత్త పూత. పాత సామాన్లవాడి దగ్గర ఎర్రపొడి ఒకటి దొరికింది. రాగి పొడితో నూరి కలిపితే ఆకుపచ్చగా, తక్కువ సెగకే అద్దంలా తేలింది. మొదటిది నీకే. అలమారలో దాచావంటే నా మీద ఒట్టు. రోజూ వాడాలి."

బుట్టమ్మ మాట తప్పలేదు. పొద్దున్నే అందులో నిమ్మకాయ నీళ్లు కలిపి పక్కన పెట్టుకుని సాయంత్రందాకా తాగేది. వింతేమిటంటే, చక్కెర వేయకపోయినా ఆ నీళ్లు తియ్యగా ఉండేవి.

"నీ చేతి మహిమక్కా," అని గోడకేసి అరిచేది. "ఉప్పు వేసినా తీపే!"

మట్టక్క పొంగిపోయింది. వడ్రంగి మామకో కూజా చేసిచ్చింది. కడుపుతో ఉన్న తన కోడలికి ఒకటి పంపింది. అదే పూతతో కప్పులు చేసి సంతలో అమ్మింది.

వానలు వెనకబట్టేసరికి బుట్టమ్మకు కడుపులో మెలిపెట్టడం మొదలైంది. నోట్లో ఎప్పుడూ ఇనుప మేకు చప్పరించినట్టు రుచి. చిన్నదానికీ పెద్దదానికీ మొగుడి మీద గయ్యిమని లేచేది. వేళ కాని వేళ నిద్ర ముంచుకొచ్చేది. తిండి సయించక నిమ్మకాయ నీళ్లే ఎక్కువగా తాగింది. ఆమె లేవలేని రోజుల్లో మట్టక్క ఇంటికొచ్చి, తన చేతులతోనే నిమ్మకాయ పిండి, ఆ కూజాలో కలిపి, తల కింద చెయ్యి పెట్టి లేపి తాగించింది.

"ఇంకొక్క గుక్క. నా తల్లివి కదూ," అని బతిమాలేది.

మట్టక్కకూ ఒంట్లో బాగుండేది కాదు. తలపోటు. చెప్పిన మాటే మళ్లీ చెప్పేది. ఒకసారి కూజాలు కాల్చే ఆవం అంటించి, అంటించిన సంగతే మరిచి ఇంటికి వెళ్లిపోయింది. వయసు మీదపడుతోందని సరిపెట్టుకుంది.

ఒకరోజు బుట్టమ్మ కుర్చీ అల్లుతుండగా చేతిలోని పేము జారింది. వంగి తీయబోతే కుడి చెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. లేపుదామంటే లేవలేదు. చెయ్యి తనది కానట్టు, భుజానికి ఎవరో వేలాడదీసినట్టు ఉంది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ చేతిని అటూ ఇటూ కదిపి చూసి, పై పెదవిని పైకెత్తి చూసింది. చిగుళ్ల అంచు వెంట పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్లటి గీత ఉంది.

"రంగులు, బ్యాటరీలు, అలాంటి పనేమైనా చేస్తారా?"

"బుట్టలల్లుతానండీ."

రక్తం పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ కబురు పెట్టి మరీ పిలిపించింది. రక్తంలో సీసం ఉందట. అంత ఎక్కువగా ఉండటం తాను ఎప్పుడూ చూడలేదట. ఈమధ్య ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చింది, దేంట్లో వండుతున్నారు, దేంట్లో తాగుతున్నారు అని ఒక్కొక్కటే అడిగింది. కూజా మాట వచ్చేసరికి బుట్టమ్మ నోరు మూసుకుంది. పక్కనున్న మొగుడే చెప్పాడు. కొన్ని మెరుపు పూతల్లో సీసం ఉంటుందని, పులుపు తగిలితే అది కరిగి తియ్యగా దిగుతుందని డాక్టరమ్మ అంది.

బయటికి రాగానే అతను మండిపడ్డాడు. "నీ అక్క నీకు విషమిచ్చింది. తీసుకెళ్లి దాని నెత్తిన బద్దలు కొడతాను."

"తెలిసి ఇచ్చిందా? మీరు రావద్దు. నేను చెబుతాను."

కూజా సంచిలో పెట్టుకుని ఆమె గోదాముకు వెళ్లింది. మట్టక్క కుర్చీలో కూర్చుని ఎర్రపొడి నూరుతోంది. ఆ దుమ్ము ఆమె పెదవుల మీద, కనుబొమల మీద, పక్కనున్న టీ గ్లాసు అంచు మీద పేరుకుని ఉంది.

"లేచావా? హమ్మయ్య!" అంది మట్టక్క. "ఉండు, టీ పోస్తా."

"వద్దక్కా. ముందు మూతి తుడుచుకో. ఆ రోకలి అవతల పెట్టు."

చెప్పాలనుకున్నది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక బుట్టమ్మ అటూ ఇటూ చేసి చెప్పింది. వింటున్నకొద్దీ మట్టక్క మొహం ఎర్రబడింది.

"నా పనికే వంక పెడుతున్నావా? మట్టిలో పుట్టి మట్టిలో పెరిగినదాన్ని. ఏ నీళ్లు పడక రోగం తెచ్చుకుని నా కూజా మీదకు తోస్తావేం?"

బుట్టమ్మ సంచిలోంచి కూజా తీసి ఆమె చేతిలో పెట్టింది. మట్టక్క దాన్ని వెలుతురుకేసి వంచి లోపలికి చూసింది. చూసి బొటనవేలు పెట్టి రుద్దింది. మూతి దగ్గర మెరుపు అలాగే ఉంది. నీళ్లు నిలిచే మట్టానికి కిందంతా తెల్లబారి, గరుకుగా, వట్టి మట్టి తేలి ఉంది.

"లోపలి పూత ఏదే?" అంది నెమ్మదిగా.

"నేను తాగేశానక్కా."

మట్టక్క చెయ్యి కూజాలోనే ఉండిపోయింది. "నా కోడలు."

అంత నడుం నొప్పితో ఆమె అంత వేగంగా నడవడం బుట్టమ్మ ఎప్పుడూ చూడలేదు. కోడలి మంచం పక్కన ఆ కూజాయే ఉంది. అత్తయ్య ప్రేమగా పంపిందని పిల్ల అందులోనే నీళ్లు తాగుతోంది. అందరికీ పరీక్షలు చేశారు. కోడలి రక్తంలో సీసం కొంత ఉంది. పొడి పీల్చిన మట్టక్క ఒంట్లో బుట్టమ్మకన్నా ఎక్కువే ఉంది. బిడ్డ సంగతి మాత్రం పుట్టాకే తెలుస్తుందన్నారు. ఆ వారాలన్నీ మట్టక్క కోడలి గది గుమ్మంలోనే కూర్చుంది, లోపలికి అడుగు పెట్టలేదు. బిడ్డ బరువు తక్కువగా పుట్టింది, ఏడ్చింది. ఎదుగుతుంటే చూస్తూ ఉండాలన్నారు.

వడ్రంగి మామకు మాత్రం ఏమీ కాలేదు. కూజాలో బ్రష్షులు పెట్టుకున్నాడు. తానిచ్చింది నచ్చలేదేమో అని అంతకుముందు మట్టక్క అలిగిన కూజా అది.

"చూశావా?" అంది ఆమె బుట్టమ్మతో. "నా పనంటే ఇష్టం లేనివాళ్లు బాగున్నారు. ఇష్టపడ్డవాళ్లకే తగిలింది."

మందులతో బుట్టమ్మ చెయ్యి కొంత లేచింది. మునుపటి బిగువు రాలేదు. మట్టక్క రోజూ పక్క గదికి వచ్చి, బుట్టమ్మ చెప్పినట్టు పేము పట్టి లాగి పెట్టేది. క్షమించమని ఆమె అడగలేదు, బుట్టమ్మ అడగనివ్వలేదు. మిగిలిన పొడిని ఆసుపత్రివాళ్లు చెప్పిన చోట అప్పగించారు. ఆ తరువాత మట్టక్క పూత లేని పూలకుండీలు తప్ప ఏమీ చేయలేదు. ప్రతి సంతకూ ఇద్దరూ వెళ్లి, పచ్చ కప్పులు కొన్నవాళ్లు తిరిగి ఇవ్వాలని బోర్డు పెట్టుకుని నిలబడ్డారు. కొందరు తెచ్చిచ్చారు. చాలామంది రాలేదు.

ఒక మధ్యాహ్నం పండ్ల సంచితో ఒక అమ్మాయి నవ్వుతూ గోదాములోకి వచ్చింది.

"కప్పులు చేసే ఆంటీ మీరేనా? ఎంత వెతికామో! వానాకాలంలో ఇటు వచ్చినప్పుడు సంతలో మీ దగ్గర పచ్చ కప్పు కొన్నాం. మా బాబు ఏం తాగాలన్నా దాంట్లోనే పోయాలి. ఇంత మంచిది చేసిచ్చారని చెప్పి వెళ్దామని వచ్చాం. ఇవి మీకే. ఇంకో కప్పు కూడా కావాలి, ఉందా?"

సారె మీద లేస్తున్న మట్టి ఒక పక్కకు ఒరిగిపోయింది. మట్టక్క దాన్ని పట్టుకోలేదు.

"బాబేడమ్మా?"

"కార్లో, వాళ్ల నాన్న దగ్గర. దింపుదామంటే దిగడు. ఈమధ్య నడవమంటే ఏడుపే, ఎత్తుకోవాలి. మాటలు కూడా తగ్గించేశాడు. అల్లరి మానేసి బుద్ధిమంతుడయ్యాడని మావారికి ఒకటే సంబరం."

బుట్టమ్మ లేచి వచ్చింది. "అక్కా, నువ్వుండు. నేను చెబుతా."

"వద్దు. చేసింది నేను."

మట్టక్క చేతులైనా కడుక్కోకుండా బయటికి నడిచింది. అమ్మాయి ఏమీ అర్థంకాక వెనకే వెళ్లింది. వెనక సీట్లో బొద్దుగా ఉన్న పిల్లవాడు తండ్రి భుజానికి తల ఆనించి కూర్చున్నాడు. ఎండలో చెమట పట్టినా మొహం పాలిపోయి ఉంది. మట్టక్క తలుపు తీసి వాడి పక్కన కూర్చుంది. వాడు కొత్త మనిషిని చూసి బెదరలేదు, నవ్వలేదు, ఊరికే చూశాడు.

"బాబూ, ముందుకెళ్లి బండి తియ్యి," అంది తండ్రితో. "పెద్దాసుపత్రికి పోవాలి. ఎందుకో దారిలో చెబుతాను. నన్ను ఎన్ని తిట్టాలన్నా తిట్టు, ముందు బండి తియ్యి."