జానెడు వంపు

కామేశం డబ్బాలోంచి పొడి సున్నం వంపుతూ కోర్టు వెనక గీత గీస్తున్నాడు, గీత మాత్రం ఎంతకీ తెమలడం లేదు. క్లబ్బు గేటు దాటి, కాలువ రేవు దాటి, ఎవరింటి వసారా మీదుగానో సాగి ఇంకా ముందుకే పోతోంది. పాతికేళ్లుగా కాలువగట్టు బాల్ బ్యాడ్మింటన్ క్లబ్బుకు కార్యదర్శిగా వెలగబెడుతున్నవాడు, తాడు కట్టకుండానే తిన్నగా గీత గీస్తానని జిల్లా అంతా చాటుకున్నవాడు, ఇప్పుడు ఆపడం చేతకాక దాని వెంటే పోతున్నాడు.

గీత చివర గవర్రాజు కూర్చుని ఉన్నాడు. పదకొండు రోజుల కిందట పోయిన మనిషి. తెల్ల నిక్కరు, చేతిలో బ్యాటు, మెడలో ఫొటోకు వేసిన బంతిపూల దండ.

"రండి కార్యదర్శి గారూ," అంటాడు మెడ గోక్కుంటూ. "ఈ దండొకటి, ఒకటే దురదండి."

ఆ 'అండి' కామేశానికి గుచ్చుకుంటుంది. ఒకే బెంచీ మీద చదువుకుని, ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకున్నవాళ్లు వీళ్లిద్దరూ. మండపేట జట్టుతో ఫైనల్ ఓడిన రోజు నుంచే ఈ గార్లూ, అండీలూ. ఆఖరి బంతి బయటికి పోతోందని గవర్రాజు బ్యాటు ఎత్తకుండా వదిలేశాడు. అది గీత లోపల పడింది. అవతలివాళ్లతో కుమ్మక్కయ్యాడని క్లబ్బు అతని పేరు కొట్టేసింది. అప్పటినుంచి ఇరవై రెండేళ్లపాటు, ఏటా అదే తేదీకి, గవర్రాజు నుంచి రిజిస్టరు ఉత్తరం: 'గీత కొలవండి.' ఏటా కామేశం జవాబు: 'గీత వానకు కొట్టుకుపోయింది.'

"ఇక్కడ వానల్లేవండి. కొలుద్దాం, పట్టండి," అంటూ గవర్రాజు టేపు సాగదీస్తాడు, అది చూస్తే దండలోని దారమే, వాళ్ల కింద నేల రేవు దాటించే పంటులా మెల్లగా కదులుతోంది. గీత మీద ఒక ఊరకుక్క మూతి చాపుకుని పడుకుంది. తిన్నగా వచ్చిన గీత దాని దగ్గర మర్యాదగా బయటివైపుకు తప్పుకుని, వీపు చుట్టూ తిరిగి, మళ్లీ దారిలో పడింది.

"ఇదేంటండి?"

"కుక్కండి."

"కుక్కని నేనూ చూశానండి. ఈ వంపేంటండి?"

కామేశం కుక్క పక్కన చతికిలబడతాడు. "ముందురోజే ఈనిందండి పాపం. లేపబుద్ధి కాలేదు. మ్యాచి వేళకి అది లేచిపోయింది, వంపు ఉండిపోయింది."

"ఆ బంతి పడింది ఈ వంపులోనేనని మీకు తెలుసా?"

"బంతి పడగానే తెలిసింది. చెప్తే నా పరువు పోతుందనుకున్నాను. నీ పరువు తీశాను."

గవర్రాజు టేపు వదిలేస్తాడు. "ఒరే కామేశం, ఎన్ని ఉత్తరాలు రాయించావురా! పోస్టుమాస్టరు రిటైరయ్యాడు, ఆ తర్వాతాయనా రిటైరయ్యాడు, నేను మాత్రం రాస్తూనే ఉన్నాను."

"ఇప్పుడేం చెయ్యమంటావురా?"

"సాయంత్రం సభలో చదివే నా సంతాప తీర్మానంలో 'మాజీ సభ్యులు' అని రాశావు. అసలే ఊపిరికి మాజీ అయ్యాను, ఇంకెన్నింటికి అవుతాన్రా? అది కొట్టెయ్. ఎందుకు కొట్టేశావో మా అమ్మాయి వినేట్టు చెప్పు. బళ్లో దాన్ని మండపేట పిల్లా అని ఏడిపించేవారు."

"అందరూ నవ్వుతార్రా."

"నన్ను చూసి నవ్వలేదూ?"

కుక్క లేచి ఒళ్లు విదిలిస్తుంది, సున్నం మబ్బులా లేస్తుంది, అందులో గవర్రాజు ఇంకా మెడ గోక్కుంటూనే కనబడకుండా పోతాడు.

కామేశం తుమ్మి కళ్లు తెరిచాడు. క్లబ్బు వరండా, పడక కుర్చీ, ఒళ్లో తీర్మానం కాగితం. ఎండ చల్లబడింది. కోర్టు దగ్గరనుంచి గవర్రాజు కూతురు భ్రమరాంబ పిలుస్తోంది.

"బాబాయ్ గారూ, కుర్చీలు ఎక్కడ వేయించమంటారండి? ఇక్కడ కుక్క పడుకుందండి. లేపెయ్యనా?"

గవర్రాజు పేరిట ఆడే మ్యాచి కోసం కామేశం పొద్దున్నే స్వయంగా గీసిన వెనక గీత అది. కుక్క వీపు చుట్టూ జానెడు వంపు.

"లేపకమ్మా," అన్నాడు కామేశం, పెన్ను తీసి 'మాజీ' అన్న మాట కొట్టేస్తూ. "సభలో నాకు సాక్షి అదే."