నెబోయ్‌షా జట్టు

మేముండే కాండో అపార్ట్‌మెంట్ల ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పే నెబోయ్‌షాని వాళ్ళ సెర్బియాలో ఎరగనివాళ్ళు లేరట. వాటర్ పోలో జట్టుకి కెప్టెన్‌గా చేసి రిటైరయ్యాడు. అది నీళ్ళలో ఆడే బంతాట. ఆడుతున్నంతసేపూ కాలు నేలకు ఆనకూడదు. వాళ్ళ ఊళ్ళో రొట్టెల కొట్టువాడు ఇప్పటికీ అతని దగ్గర డబ్బులు పుచ్చుకోడట. ఇక్కడేమో నడుంలోతు నీళ్ళలో నిలబడి, పొద్దస్తమానం పిల్లల పొట్టల కింద చేతులు పెట్టి తేలుస్తుంటాడు. నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

యాభై దాటాక ఈతకు దిగిన మొండిదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఈ కబుర్లన్నీ నాకే చెప్పేవాడు. సైన్స్ పార్క్‌లో నా ల్యాబ్, వన్-నార్త్ పేటలో ఈ ఫ్లాటు. ఈ పరాయి దేశంలో ఆ రెంటి మధ్యా నన్ను పలకరించేవాళ్ళు తక్కువ. అందుకని ఓపిగ్గా వినేదాన్ని. నాగమల్లేశ్వరి అనడానికి నోరు తిరగక నన్ను 'నాగా' అనేవాడు.

ఒకరోజు మొహం వేలాడేసుకుని వచ్చాడు. తమ జట్టు పెద్ద కప్పు గెలిచిన రోజుని వాళ్ళ ఊరు ఏటా పండగ చేసుకుంటుందట. ఈసారి వీడియో కాల్‌లో అతన్ని తెర మీద చూపిస్తారట.

"సంతోషించక ఆ మొహమేంటి?" అన్నాను.

"ఇక్కడ నాకు పెద్ద జట్టుందని చెబుతూ వచ్చాను, నాగా. శనివారం ఆ జట్టుని చూపించమంటున్నారు."

అబద్ధం ఎందుకు చెప్పావని అడగలేదు. మా అక్క ఫోన్ చేస్తే నేనూ 'ఇక్కడ బోలెడుమంది స్నేహితులే' అంటాను. "జట్టు సంగతి నాకొదిలెయ్," అన్నాను.

ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడిలాగా ఆ వారమంతా ఇరుగుపొరుగు ఫ్లాట్ల తలుపులు తట్టాను. శనివారం సాయంత్రం పెద్దాచిన్నా కలిసి చాలామందే కొలనులో దిగారు. నెబోయ్‌షా అందరికీ ఈత టోపీలు తొడిగి, బంతి ఎలా పైకెత్తాలో చూపిస్తూ పగలబడి నవ్వాడు. అతను అలా నవ్వగా నేనెప్పుడూ వినలేదు.

అంతలో పిడుగుల సైరన్ మోగింది. అది మోగితే ఎవరైనా సరే నీళ్ళలోంచి బయటికి రావాల్సిందే. వెనకే వాన దంచింది.

"కాసేపు ఈ షెడ్డు కింద నిలబడండమ్మా," అని బతిమాలాను.

"పిల్లకు సలి పెడ్తుంది ఆంటీ, ఏమనుకోకుండ్రి. మల్లోసారి సూద్దాం," అంది పక్క ఫ్లాటు రుచిత.

"నెక్స్ట్ వీక్ కెన్ లా, కోచ్!" అంది ఆమె కూతురు, వచ్చేవారం ఆడదాంలే అన్నట్టు ఇక్కడి ఇంగ్లీషులో.

వాళ్ళ వెనకే అందరూ లిఫ్టు దారి పట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వానని తిట్టాలో వీళ్ళని తిట్టాలో తెలియలేదు.

నెబోయ్‌షా ఫోన్ మోగింది. తెర నిండా వాళ్ళ ఊరి హాల్లో చేరిన జనం. జెండాలు, ముసలివాళ్ళు, అతని బొమ్మ ఉన్న చొక్కాలేసుకున్న పిల్లలు, అందరూ అతని పేరే పాడుతున్నారు. ఇక్కడ అతని పక్కన తడి తువ్వాలు కప్పుకుని నేనొక్కదాన్నే. నాకు దిగులేసింది.

మైకు పట్టుకున్నాయన ఏదో అడిగాడు. జట్టు గురించేనని అర్థమైంది. నెబోయ్‌షా ఒకసారి నావైపు చూసి, ఫోన్ తిప్పి ఖాళీ కొలను చూపించాడు. నెమ్మదిగా నాలుగు మాటలన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. ఈలలు, చప్పట్లు.

"ఏం చెప్పావు?" అన్నాను.

"జట్టూ లేదు ఏమీ లేదు, ఇక్కడ నాకెవరూ లేరని."

నేను లెక్కలోకి రానందుకు మనసు చివుక్కుమంది. "మరి నవ్వుతారేం?"

"నెబోయ్‌షాకి ఎవరూ లేకపోవడమేంటని. వేళాకోళం అనుకుంటున్నారు."

పాట మళ్ళీ అందుకున్నారు. అతను ఫోన్ తనవైపు తిప్పుకుని, కప్పు గెలిచినవాడిలాగే చెయ్యి పైకెత్తాడు. ఆ మనిషి నిజమే చెబుతున్నాడర్రా అని అరవాలనిపించింది. వాళ్ళ భాష నాకు రాదు. తెరలో ఎవరో నన్ను కూడా చూసి చేతులూపుతుంటే, నేనూ ఊపాను.