వాడకంలో లేని రంగులు

ఒక్కో రంగులో కలిసే నాలుగు ఇంకుల శాతాలు గుర్తుపెట్టుకోవడమంటే ఆవిడకి చచ్చేంత విసుగు. ప్రెస్సులో పుస్తకాల పేజీలు కట్టడం ఆవిడ పని. అంకెలతో పడలేక ప్రతి రంగుకీ ఒక పేరు పెట్టేసేది. పిల్లల బొమ్మల పుస్తకం పని వచ్చినప్పుడు ఇంట్లో తీసుకున్న ఫోటో ఒకటి కంప్యూటర్లో తెరిచి, దాంట్లోంచే రంగులు ఏరుకుంది. వంటింటి గోడ, భర్త చొక్కా, కూతురు బుజ్జిదాని బుగ్గ, ఇలాంటివే ఓ డజను. పేర్లూ శాతాలూ కాగితం మీద ప్రింటు తీసి ఎదురుగా గోడకి అంటించుకుంది. ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం!

"కంప్యూటర్లో నీ రంగుల పట్టీ హనుమంతుడి తోకలా పెరిగిపోతోందేమిటమ్మాయ్! వాడనివి తీసెయ్యి," అన్నాడు ప్రూఫులు దిద్దే పెద్దాయన. ఆఫీసంతా ఆయన్ని బాబాయ్ అంటుంది.

"అలాగే బాబాయ్."

వాడకంలో లేని రంగుల్ని వెతికి పట్టుకోవడానికి పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట ఉంది. నొక్కింది. ఏరుకున్న రంగులింకా ఏ పేజీలోనూ వేయలేదు కాబట్టి అన్నీ ఎంపికయ్యాయి. ఆవిడ పేర్లు చదవకుండానే తీసిపారేసి, ఫైలు మూసి ఇంటికి బయల్దేరింది. తొందర మనిషి, ఏం చేస్తాం.

ఇంట్లో వంటింటి గోడ తెల్లగా ఉంది.

"పచ్చ గోడకి సున్నం ఎందుకు వేయించారు?" అంది భర్తతో.

"పచ్చేమిటి? అది ఎప్పుడూ తెలుపేగా." ఆయన ఒంటిమీది నీలం చొక్కా కూడా వెలిసిన గుడ్డలా ఉంది.

ఆవిడ పడకగదిలోకి పరుగెత్తింది. ఆరేళ్ళ బుజ్జిది గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఇటు తిప్పితే ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చెంపలు చల్లగా ఉన్నాయి. పిలిస్తే కళ్ళు తెరిచింది కానీ పలకలేదు.

"దీనికేమైందండీ?"

"ఏమైంది? పుట్టినప్పట్నుంచీ ఇంతేగా, పాపం," అన్నాడాయన.

ఆవిడ చెప్పుల్లేకుండానే ప్రెస్సుకి పరుగెత్తింది. తాళం వేయబోతున్న బాబాయిని పక్కకి నెట్టి లోపలికెళ్ళింది. గోడమీది కాగితం చూస్తూ బుజ్జిదాని బుగ్గ శాతాలు కొట్టింది. తొందరలో రెండుసార్లు తప్పు పడింది. మళ్ళీ ఎవరూ వాడనిదని తీసెయ్యకుండా, మొదటి పేజీలోనే ఒక చిన్న గడి గీసి ఆ రంగు నింపింది. గోడనీ చొక్కానీ తలుచుకోనైనా లేదు.

తిరిగొచ్చేసరికి బుజ్జిది మంచం మీద గెంతుతోంది. బుగ్గలు గులాబీలే. ఆవిడ దాన్ని వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"మన పిల్లకి నా దిష్టే తగిలేలా ఉంది," అని మురిసిపోయాడు భర్త.

తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ గమనించింది. ఎండలో ఆడుకుని వచ్చినా అదే గులాబీ. వానలో తడిసి వణుకుతున్నా అదే. ఒకరోజు మెట్లమీంచి పడి, మోకాలు చీరుకుపోయి గుక్కపట్టి ఏడుస్తుంటే, ముఖమంతా కందిపోయింది కానీ ఆ రెండు బుగ్గలు మాత్రం ఒక్క పిసరు మారలేదు. ముద్దు పెట్టుకుంటే నున్నగా తగిలాయి. పాత ఫోటోలన్నీ తిరగేసింది. ఉయ్యాల్లో ఉన్నప్పటి ఫోటోలో కూడా అదే రంగు.

ఒక్క బుగ్గకి ఎన్ని రంగులుంటాయి! తను రాసిపెట్టుకున్నది ఒక్కటే.

సెలవురోజున బుజ్జిదాన్ని ప్రెస్సుకి తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుంది. మొదటి పేజీలోని ఆ గడి రంగులో ఎరుపు కాస్త పెంచింది, పసుపు తగ్గించింది, మళ్ళీ పెంచింది.

"నీకు కోపం వచ్చినప్పుడు ఇలా ఉండేదా, తల్లీ?"

బుజ్జిది తెరవంక శ్రద్ధగా చూసింది.

"నాకేం తెలుసమ్మా? నన్ను చూసేదానివి నువ్వేగా."