ముందు కూర్చునే మనిషి

సాయంత్రం ఐదు లోపు ఫారం పంపకపోతే పడవ వేరేవాళ్ళకిచ్చేస్తామని గైడు పొద్దున్నే ఫోన్లో చెప్పాడు. కొండనది. అందరి ఛాతీ కొలతలూ, ఎవరెక్కడ కూర్చుంటారో రాసి పంపాలి.

"కొలత సరిగ్గా తియ్యండమ్మా. లైఫ్ జాకెట్ వదులైతే నీళ్ళలో తల మీంచి జారిపోతుంది. ముందు కూర్చునే మనిషి గట్టివాడై ఉండాలి. ఎవరైనా పడితే లాగాల్సింది అతనే."

మా అమ్మాయికి ఈత అంతంత మాత్రం. పరీక్షలయ్యాక నదికి తీసుకెళ్తానని దానికి మాటిచ్చినవాడు మా మరిది. నెలరోజులు నేను ఒప్పుకోలేదు. చివరికి ఒక్క షరతు మీద సరేనన్నాను: ముందు దాని బాబాయే కూర్చోవాలి. నేనెలాగూ ఒడ్డున తువ్వాళ్ళతో ఉంటాను.

మధ్యాహ్నం కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీశాను. ముందు అమ్మాయిని కొలిచాను. తర్వాత మా ఆయన వచ్చి పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డారు.

"వదలండి. నదిలో కూడా ఇలాగే బిగబట్టుకుని కూర్చుంటారా?"

"గైడు ముందు కాస్త పరువు దక్కనివ్వవే."

ఆఖరున మరిది.

"చేతులెత్తు."

కుడి చెయ్యి చటుక్కున లేచింది. ఎడమది నడుము దగ్గర్నుంచి కాస్త కదిలి ఆగింది. పెదవుల చుట్టూ తెల్లబడింది.

"నలభై వేసెయ్ వదినా. నా కొలత నాకు తెలీదా?"

వేశాను. కానీ ఇంట్లో బట్టలు మడతపెట్టేది నేనే. రెండు నెలలుగా అతని బట్టల్లో టీషర్టు ఒక్కటీ రాలేదు. అన్నీ ముందు గుండీలుండే చొక్కాలే.

టీ గ్లాసులు అందుకుందువుగాని రమ్మని వంటింట్లోకి పిలిచాను.

"ఆ పై అరలో డబ్బా దించు."

కుడి చెయ్యి చాచాడు.

"ఎడమ చేత్తో."

"ఏంటి వదినా, నాక్కూడా పరీక్షలా?"

నేను నవ్వలేదు. చెయ్యి భుజం ఎత్తుకి కూడా రాలేదు. మెల్లగా దిగిపోయింది.

"భుజం ఎన్నిసార్లు జారింది?"

"రెండు. గోడౌన్లో పెట్టె ఎత్తుతుంటే ఒకసారి. ఇంకోసారి నిద్రలో." గొంతు తగ్గించాడు. "కట్టు బిగించుకుని వస్తాను. నేను రానంటే నువ్వు దాన్ని పంపవు కదా!"

"ఆ చేత్తో దాన్ని లాగుతావా?"

కుడి చేత్తో డబ్బా దించి గట్టు మీద పెట్టాడు.

"నేనెవరికీ చెప్పను. నువ్వే చెప్పు. ఫారం ఇంకా వెళ్ళలేదు."

హాల్లో మా ఆయన ఫారం నింపుతున్నారు. "ముందు, మా తమ్ముడు. వీడు కూర్చుంటే నదే పక్కకి తప్పుకుంటుంది."

మరిది గ్లాసు బల్ల మీద పెట్టి గడియారం చూశాడు. నాలుగూ ముప్ఫై ఎనిమిది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"నా పేరు కొట్టెయ్ అన్నయ్యా."

"ఏరా, భయమా?"

"భయమే. అమ్మాయి నీళ్ళలో పడితే నేను లాగలేను." భుజం చూపించి, ఉన్నదంతా చెప్పాడు.

మా ఆయన నోటికొచ్చిన ఎగతాళి నోట్లోనే ఉండిపోయింది. అమ్మాయి నా వైపు చూసింది. షరతు దానికి తెలుసు.

"అయితే వెళ్ళట్లేదా అమ్మా?"

జవాబివ్వకుండా గైడుకి ఫోన్ చేశాను. ముందు కూర్చోడానికి వాళ్ళ మనిషెవరైనా ఉన్నారా అని అడిగాను.

"మా అన్న ఉన్నాడు. రోజూ నదిలోనే ఉంటాడు. కానీ ఐదు దాటితే నేనేం చెయ్యలేనమ్మా."

నాలుగూ నలభై తొమ్మిది. పెన్ను నేనే అందుకున్నాను. మరిది పేరు కొట్టేసి, ఆ చోట గైడు అన్న అని రాశాను.

"మరి వీడో?" అన్నారు మా ఆయన. తమ్ముడి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, గుర్తొచ్చి, కుడి భుజం మీద వేశారు. "తువ్వాళ్ళు పట్టుకోడానికి ఒక్క చెయ్యి చాల్లేరా."

మరిది తల దించుకుని నవ్వాడు. ఫారం ఫోటో తియ్యబోతుంటే అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నాది మళ్ళీ కొలువు. ఇందాక గట్టిగా ఊపిరి పీల్చుకుని నిలబడ్డాను. బక్కగా ఉన్నానని పంపవేమోనని."

టేపు మళ్ళీ చుట్టాను. రెండంగుళాలు తక్కువ వచ్చింది.