చెప్పులయ్య లెక్క

డెబ్బై ఆరో అరలో చేయి పెట్టి చూశాడు చెప్పులయ్య. రబ్బరు చెప్పులు, ఎడమది మడమ దగ్గర అరిగి అట్టముక్కలా ఉంది. పక్క అరలో తోలు జోడు. ఆ పక్కది ఖాళీ. వేళ్ళతో తడుముకుంటూ, పెదవులు కదపకుండా లెక్కపెట్టుకుంటూ, గుడి బయట ఇనుప అరల వెంట నడుస్తున్నాడు. పదిన్నరకల్లా లెక్క వంటగదికి చేరాలి. చేరాకే ఎసట్లో బియ్యం పడతాయి.

ఆ గుడిలో మధ్యాహ్నం వచ్చినవాళ్ళందరికీ అన్నం పెడతారు. తినేవాళ్ళను మాత్రం లెక్కపెట్టకూడదు. తొంభై ఏళ్ళ కిందటి కరువులో, భర్త పోయిన ఒక బియ్యం వర్తకురాలు ఒకే ఒక్క గుండిగతో ఈ పని మొదలుపెట్టిందనీ, పేరడగొద్దు, కులమడగొద్దు, ఆకలితో వచ్చిన మనిషిని వేలు పెట్టి లెక్కించొద్దు అని చెప్పిపోయిందనీ ద్వారం పక్క రాతిపలక మీద చెక్కి ఉంది. ఆ తల్లి చెప్పి పోయింది గాని, లెక్క తెలియకుండా వంటవాడు వండేదెలా? మనుషుల్ని వద్దంది గాని చెప్పుల్ని వద్దనలేదు కదా అని ఎవరో బుర్రగలవాడు దారి కనిపెట్టాడు. అప్పటి నుంచీ గుమ్మం ముందు విడిచిన జతల్ని బట్టే గుండిగలో బియ్యం. ఆకలితో వచ్చినవారెవరూ ఆకలితో తిరిగి వెళ్ళలేదన్నది ఆ పలక మీద చివరి వాక్యం.

మరి చెప్పుల్లేకుండా వచ్చేవాళ్ళో? వాళ్ళను కలపడమే చెప్పులయ్య విద్య. లోకంలో ముఖం చూసి మాట్లాడేవాళ్ళు కొందరు, జేబు చూసి మాట్లాడేవాళ్ళు చాలామంది. ఈయన మడమ చూసి మాట్లాడేవాడు. మెట్ల మీద స్టూలేసుకుని, వచ్చే కాళ్ళన్నీ చూసి, "ఉత్తకాళ్ళు పన్నెండు" అని జతల పైన కలిపేవాడు. లెక్కలోకి రానివాళ్ళు ఆ ఒక్క చోట లెక్కలోకి వచ్చేవాళ్ళు.

తానూ అలా వచ్చినవాడే. పదిహేడేళ్ళప్పుడు ఉత్తకాళ్ళతో వచ్చి మూడు రోజులు తిని, నాలుగో రోజు సిగ్గేసి అరలు తుడవడం మొదలుపెట్టాడు. వేల జతల మధ్య తనకూ ఓ జత దొరికింది. హాలు ఊడ్చే మనిషి. పెళ్ళయ్యాక మెట్ల కింది గదిలో ఇరవై రెండేళ్ళు కాపురం చేసి, పిల్లల్లేకుండానే పోయింది. చుట్టూ ఇన్ని చెప్పులున్నా, ఆయన ఎవరికీ ఎదురుచెప్పి ఎరగడు.

రెండేళ్ళుగా కళ్ళలో శుక్లాలు. శుక్లపక్షమైతే వెన్నెలన్నా వచ్చేది, ఈయనకు వచ్చింది ఒట్టి మంచు. చెప్పుల్ని వేళ్ళు చూస్తాయి. ఉత్తకాళ్ళను ఏది చూస్తుంది? అరికాలి చప్పుడు విని, నిన్నటి లెక్క గుర్తుపెట్టుకుని, అందాజుగా కలుపుతున్నాడు. ఎవరికీ చెప్పలేదు. మేనేజరుకు మాత్రం అనుమానం వచ్చింది. "ఒక్కరోజు లెక్క తప్పిందా, టోకెన్ల మిషను పెట్టిస్తా. గది ఖాళీ చేసి మీ చెల్లెలింటికి పోదువుగాని" అని మొన్ననే అన్నాడు. ఆ చెల్లెలు పోయి ఆరేళ్ళయిందని చెప్పులయ్య చెప్పలేదు.

వంటగది కిటికీ దగ్గరికి వెళ్ళి, "నూట నలభై జతలు. ఉత్తకాళ్ళు... ఓ పది" అన్నాడు.

"పదేనా బాబాయ్?" వంటాయన గరిటె ఆపాడు. "ఖాయమేనా? నీ కళ్ళ సంగతి నిన్న కూడా అడిగాడు మేనేజరు."

"నా కళ్ళకేంరా? ఇన్నేళ్ళు జనం కోసం ఎదురుచూసి కాయలు కాశాయి, అంతే. వాన పడిందిగా, ఇవాళ జనం పల్చన. బియ్యం పోసెయ్."

వాన పడిన మాట నిజం. తెల్లవారుజామున మురుగుకాలువ కట్ట తెగి, లోతట్టు పేటలో గదుల వరసంతా నీళ్ళపాలయిన సంగతి ఆయనకు తెలియదు. వరద ముందుగా మోసుకుపోయేది గుమ్మం దగ్గరి చెప్పుల్నే. ఆ మనుషులు మోకాళ్ళదాకా బురదతో తొమ్మిదిన్నరకే వచ్చి, ఆ బురదతో ముందు బంతికి వెళ్ళడానికి మొహమాటపడి, ఆవరణలో గోడవార కూర్చున్నారు. చంటిపిల్లలు కూడా ఏడవలేదు. చెప్పులకైతే చప్పుడుంటుంది. బురద పట్టిన ఉత్తకాళ్ళకు నోరుండదు.

రెండో బంతి లేచేసరికి గుండిగ అడుగు కనిపించింది.

మేనేజరు బయటికొచ్చి గోడవారనున్న వాళ్ళను ఒకటి, రెండు, మూడు అని వేలు పెట్టి లెక్కపెట్టాడు. తొంభై ఏళ్ళలో ఆ ఆవరణలో ఎవరూ చేయని పని. తొంభై నాలుగు దగ్గర ఆగి, "ఇంతమంది ఎదురుగా కూర్చుంటే నీకు కనపడలేదా?" అని అరిచాడు.

చెప్పులయ్య లేచి నిలబడ్డాడు.

"కనపడలేదు బాబూ."

వంటాయన అప్పటికే మళ్ళీ ఎసరు పెట్టాడు. ముప్పావు గంట పడుతుందన్నాడు. కొందరు ఆగారు. చంకలో బిడ్డతో ఒకామె, "ఇంకెక్కడైనా పెడుతున్నారేమో చూద్దాం పదండి" అని లేచింది. ఆమె వెంట ఇరవై మంది దాకా కదిలారు.

"అమ్మా, ఆగండి! ఎసరు పెట్టారు, ఆగండమ్మా!" చెప్పులయ్య మెట్ల మీద నుంచి పిలిచాడు. వాళ్ళు ఎడమకు వెళుతుంటే, ఆయన కుడివైపు వీధికేసి పిలుస్తున్నాడు.

తర్వాత గదిలోకి వెళ్ళి గోనెసంచి ఈడ్చుకొచ్చాడు. ఎవరూ తిరిగి అడగని చెప్పులు, ఏళ్ళనాటివి. కింది మెట్టు మీద చతికిలబడి, దగ్గరికొచ్చిన ప్రతి పాదాన్నీ ఒళ్ళో పెట్టుకుని, పంచెతో బురద తుడిచి, జానతో కొలిచి, సంచిలో చేయి పెట్టి తడిమి తీశాడు.

"రెండూ కుడివే కదయ్యా ఇవి?" అంది ఓ ముసలామె.

"ఎడమొహం పెడమొహం లేకుండా కలిసుంటాయి, వేసుకో తల్లీ. రేపొచ్చి ఆ అరలో విడిచిపెట్టు. లెక్కలో ఉంటావు."

ఆమె నవ్వింది. ఆ పూట అక్కడ వినిపించిన నవ్వు అదొక్కటే. మేనేజరు లోపలికి వెళ్ళిపోయాడు.

ముప్పై జతలకు సంచి ఖాళీ అయింది. అన్నం పిలుపొచ్చింది. అందరూ లోపలికి వెళ్ళాక చెప్పులయ్య మెట్ల పక్క స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఆఖరి మనిషి తిన్నాక తినడం ఆయన అలవాటు.

మూడు దాటాక వంటాయన పళ్ళెం పట్టుకుని తానే బయటికొచ్చాడు.

"బాబాయ్, ఉన్నవాళ్ళంతా తిన్నారు. రా."

పలకలేదు. దోసిలి ఒళ్ళోనే ఉంది, ఇంకా ఎవరి పాదమో అందులో ఉన్నట్టు వేళ్ళు వంగి. వంటాయన ముట్టుకుని చూశాడు. ఒళ్ళు చల్లబడి ఉంది. ఆ తర్వాత పళ్ళెం స్టూలు మీద పెట్టి, ఇంకో పళ్ళెం బోర్లించి, మేనేజరుకు చెప్పడానికి లోపలికి వెళ్ళాడు.

బోర్లించిన పళ్ళెం లోపల ఆవిరి చుక్కలు కట్టి, ఒక్కొక్కటే అన్నం మీదికి జారుతోంది.