వెలగని కొస

మహాదేవి టీచరమ్మ వెలగని దీపం చేస్తాందంట.

ఎదురింటి భీమక్క కొళాయి కాడ అన్న మాట అది. బిందె నిండేలోపు ఊరు చుట్టి వచ్చింది. "టీవీ రిమోటు గుండె పీకేసిందమ్మా. సీసం కరగబెడ్తాంది. నొక్కుతాది, సూస్తాది, మళ్లా నొక్కుతాది... ఏమీ వెలగదు. శానా సదివితే ఇట్లయితారేమో!"

నిజమే. వెలగదు.

అరుగు మీద సీసం పొగ. కంట్లో నీళ్లు. చేను నుంచి ఎగిరొచ్చిన పత్తి పింజ ఒకటి ముళ్లకంపకు చిక్కి ఊగుతోంది. మహాదేవి బొటనవేలు మీట మీద...

ఇంకిపోయిన మార్కరు గొట్టం. గోడ గడియారంలోని సెల్లు. రిమోటు కొసన ఉండే పూసంత బల్బు. అంతే పెన్ను.

కంటికి కనపడని వెలుగు దానిది. పిల్లలకు చెప్పే పాఠంలో దాని పేరు పరారుణం. ఫోను కెమెరా ముందు పెడితే మాత్రం — వంగపువ్వు రంగులో ఒక చుక్క.

బడికి ఆ తెల్ల పలక వచ్చింది వానాకాలంలో. వాన రాని వానాకాలంలో.

ప్రొజెక్టరు బొమ్మ వేస్తుంది. దాని నెత్తిన ఒక నల్లటి కన్ను. ఆ కన్ను పెన్ను కొసను చూస్తుంది. కొస ఎటు పోతే గీత అటు. బిగించినవాళ్లు చూపించిన రోజు, ఎనిమిదో తరగతి శివలీల పలకతో వచ్చిన పెన్ను పట్టుకుంది. తన పేరు రాసింది. రాసి, చేతులు చూసుకుంది — సుద్ద అంటలేదు.

మరునాడు పూజ. టెంకాయ, ఊదుకడ్డి, బెల్లం.

ఆ తరువాత పెన్ను రాయలేదు.

చెడిపోయిందన్నారు. విప్పారు. విప్పింది మళ్లీ కూడలేదు.

చేలు ఎండాయి. ఊరు మూటలు కట్టడం మొదలుపెట్టింది. సుగ్గి అంటారు ఈ దిక్కున — ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరపకాయ కోతకు పోవడాన్ని. శివలీల నాయన సోమన్న బడి గేటు కాడ నిలబడి చెప్పేశాడు.

"ఆ పలక రాస్తే చెప్పు టీచరమ్మా, పాపను మా యమ్మ కాడ ఇడ్సిపోతా. రాయకుంటే, గోడకేసిన తెల్లగుడ్డ సూసేకి బడెందుకు? ఆడ ఇంగో రెండు చేతులుంటే మాకు ఆసరా."

అందుకే సీసం పొగ. అందుకే కాలిన వేళ్లు.

మొదటి బల్బు మాడిపోయింది. ఇంకొకదాన్ని తిరగేసి అతికించింది. ఆ తరువాతిది... ఫోనులో చుక్క! చెప్పులు కూడా తొడగకుండా బడికి పోయింది. పలక మీద కొస ఆనించి నొక్కింది.

గీత పడలేదు.

విప్పింది. అతికించింది. ఫోనులో చుక్క. పలక మీద తెలుపు.

శివలీల తలుపు పట్టుకుని నిలబడేది. "ఈపొద్దు రాస్తాదా, టీచర్?"

"రేపు."

రేపు... రేపు...

బొలెరో వచ్చింది. చాపలు, వంట సట్లు, కాళ్లు కట్టిన మేక. శివలీల బడిసంచి ఒళ్లో పెట్టుకుని మేక పక్కన కూర్చుంది. బండి లేపిన దుమ్ముకు ముళ్లకంప మీది పత్తి పింజ నల్లబడింది.

శుక్రవారం. ఆయా సిద్దమ్మ కుంకుమ గిన్నెతో వచ్చింది. గడపకు బొట్టు. బడిగంటకు బొట్టు. బీరువాకు బొట్టు. ప్రొజెక్టరు నెత్తిన నల్లటి కంటికి — గంధం, గంధం మీద కుంకుమ.

మహాదేవి చూసింది.

రోజూ చూసేదే. అప్పుడు కనపడింది.

పూజనాడు "మొదటిది నువ్వు పెట్టు టీచరమ్మా" అని ఇదే గిన్నె అందించింది సిద్దమ్మ. నుదురులా ఉందని సరిగ్గా ఆ కంటి నడిమధ్యన పెట్టింది ఎవరు? తానే. ఆ పైన ప్రతి శుక్రవారం, పొర మీద పొర.

కన్ను మూసింది తాము. విప్పి చంపింది మంచి పెన్నును.

కొంగుతో తుడిచింది. గోటితో గీకింది.

"అయ్యో, పెట్టిన బొట్టు తుడిపేస్తివి గదమ్మా!" అంటోంది సిద్దమ్మ.

మహాదేవి పలక మీద కొస ఆనించింది.

గీత పడింది.

ఖాళీ బల్లల ముందు, నల్లటి గీత. పలక ఈ చివరి నుంచి ఆ చివరి దాకా... ఎంత పోతే అంత.

సోమన్నకు వీడియో కాల్ చేసింది. తెర నిండా ఎరుపు. కాయల గుట్టలు, ఎండ, ఎరుపు. అందులోంచి, తలకు గుడ్డ చుట్టుకున్న శివలీల ముఖం.

"పలక రాస్తాంది శివలీలా! చూడు, ఇదే పెన్ను..."

ఫోనుకు ఎదురుగా పెట్టి మీట నొక్కింది. తన కంటికి మామూలే — వెలగని కొస.

"కనపడ్తాందా?"

"కనపడ్తాంది టీచర్. చేతులు మండుతాండాయి, ఫోను పట్టుకునేకి అయితలేదు."