పీతకి పెట్టిన పేరు

మా గైడు అనంతకృష్ణ గారు ఒక కొత్త పీతకి నా పేరు పెట్టారని తెలిసిన రోజు కాలేజీలో అందరూ వచ్చి నాకు చెయ్యి కలిపారు. నాకు మాత్రం ఆయన పీక పిసికెయ్యాలనిపించింది. పాఠం చెప్పినాయన గురించి అలా అనుకోకూడదంటారు. అనుకున్నాను, దాచుకోవడం దేనికి?

మొదటినుంచీ చెబితేగానీ నా కడుపుమంట ఎవరికీ అర్థం కాదు. నాది మంచినీటి పీతల మీద పరిశోధన. పీతని పట్టి, కొలిచి, ఫలానా జాతి అని తేల్చి, ఎవరూ చూడని జాతయితే దానికి పేరు పెట్టడం మా పని. ఈ పని చేసేవాళ్ళు దేశం మొత్తం మీద గుప్పెడు మంది. పట్టిన పీతల్ని మందునీళ్ళలో నిలవచేసిన సీసాలు ఎవరివి వాళ్ళ బీరువాల్లో ఉంటాయి. మన పీతని కేరళ పీతతో పోల్చాలంటే రైలెక్కాలి. ఆ తిరుగుడు పడలేక, సాలూరులో ఉన్న మా మేనబావ ధర్మేంద్రని పట్టుకున్నాను. వాళ్ళ నాన్న లారీ ఆఫీసులో ఒక మూల కూర్చుని కంప్యూటర్ పని చేసుకుంటాడు.

“బావా, పీతలోళ్ళందరికీ కలిపి ఓ సైటు కట్టాల. ఫొటోలు, కొలతలు ఎవరివి ఆళ్ళెడతారు, అందరూ సూసుకుంటారు” అన్నాను.

“పీతలకి సైటేటే ఈశ్వరీ! లోకంలో జనాలు సీరలమ్మడానికి కట్టించుకుంటన్నారు” అని పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కట్టాడు.

కేరళ వాళ్ళు చేరారు, అస్సాం వాళ్ళు, ఒడిశా వాళ్ళు చేరారు. ఎక్కడా రాసుకోకపోయినా అందరం పాటించే కట్టుబాటు ఒకటుంది. ఫొటోలు అందరివీ, కొత్త పీత మాత్రం దొరికినవాళ్ళదే. సైట్లో పేరు రాస్తే చెల్లదు. పరిశోధన పత్రికలో ముందు అచ్చయిన పేరే లోకానికి పేరు, దాని పక్కన అచ్చువేసినవారి పేరు ఎప్పటికీ ఉండిపోతుంది. అస్సామాయన నా ముఖం కూడా చూసి ఎరగడు. నా పీత గురించి ఎన్నో ప్రశ్నలడిగాడు గానీ దాని జోలికి రాలేదు.

నా పీత పాతపట్నం అవతల కొండల్లోంచి దిగి మహేంద్రతనయలో కలిసే గెడ్డలో దొరికింది. రాళ్ళ కింద దాక్కునే చిన్న ఎర్ర పీత. దానికి ఆ ఏటి పేరే పెట్టాలనుకున్నాను, మహేంద్రతనయ అని. దాని కోసం వానాకాలమంతా మోకాలిలోతు నీళ్ళలో నిలబడ్డాను. వేళ్ళ సందులు పాసిపోయాయి, జలగలు పట్టాయి. ఆ పేరు పక్కన నా పేరు ఉండాలి, అంతే నాకు కావలసింది. ఆశ అనండి, పొగరు అనండి, మీ ఇష్టం.

వ్యాసం రాసి గైడుగారి బల్ల మీద పెట్టాను. “చూస్తానమ్మా, తొందరేముంది?” అనేవారు అడిగినప్పుడల్లా. సైటంటే మొదట్లో ఆయనకు పరమ చిరాకు. తరవాత తనే పాస్‌వర్డ్ అడిగి తీసుకున్నారు. పెద్దాయనకి బుద్ధి మారిందని నేను సంబరపడ్డాను కూడా, నా మొహం! నా వ్యాసం అక్కడే దుమ్ము పడుతుండగా, సైట్లోని నా ఫొటోలతో, నా కొలతలతో ఆయనొక వ్యాసం రాసి స్నేహితుడి పత్రికలో అచ్చువేయించుకున్నారు. రచయిత ఆయనొక్కరే. పీత పేరు మాత్రం నాది.

ఎంత తెలివో చూడండి. మాలో ఎవరూ తన పేరు తను పెట్టుకోరు, అది సిగ్గుచేటు. ఇంకొకరి పేరు పెడితే అది సన్మానం. సన్మానం పుచ్చుకున్నవాళ్ళు నోరెత్తితే విశ్వాసం లేనివాళ్ళు. ఆ ఒక్క పేరుతో నా నోటికి తాళం పడింది.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టేసి నా వంక తేరిపార చూసింది.

“గట్లకి బొక్కలెట్టి మడిలో నీరంతా దిగలాగీసీ పీతకి నీ పేరా? ఆ మాస్టారికి నువ్వేటి అన్నాయం సేసినావే?”

ఏడుపొస్తూనే నవ్వొచ్చింది. జరిగిందాన్ని కాస్తయినా పట్టుకున్నది మా అమ్మే.

ఆ తరవాత కూర్చుని ఆ వ్యాసం చదివాను. చదివేకొద్దీ అరికాలి మంట నెత్తికెక్కింది. “ఈ జాతి ప్రత్యేకత ఎడమ డెక్క పెద్దదిగా ఉండటం” అని రాశారాయన. డెక్కంటే పీత పట్టుకునే ముందు కాలు. నా పీతకి పెద్దది కుడి డెక్క! సైట్లో రెండు పీతల్ని పోల్చే పేజీ ఒకటుంది. రెండూ ఎదురెదురుగా కనబడాలని ధర్మేంద్ర అందులో రెండో ఫొటోని అద్దంలోలా తిప్పి చూపిస్తాడు, కింద ఆ మాట రాసే ఉంటుంది. ఈయన ఆ ఫొటో చూశారు. నా కొలతల్లో కుడి అని ఉంటే పిల్ల పొరబడిందని దాన్ని ఎడమగా దిద్దారు. సీసా మా ల్యాబు బీరువాలోనే ఉంది. మూత తీసి ఒక్కసారి చూసిన పాపాన పోలేదు. సీసా తెరవకుండా పీత గురించి రాయడం కన్నా మా వృత్తిలో పెద్ద తప్పు లేదు.

నేను నోరు విప్పేలోపే, సైట్లో ఉండే కేరళ పరిశోధకురాలొకావిడ నా ఫొటోలతో పోల్చి చూసి అదే తప్పు పట్టుకుంది. అసలు పీతని చూపించండి అని సైట్లో అందరి ముందూ అడిగింది. మర్నాడే గైడుగారు నన్ను ల్యాబుకి పిలిచారు.

“చిన్న పొరపాటమ్మా. కొలతలు తీసింది నువ్వే కాబట్టి తప్పు నీదేనని సైట్లో ఒక మాట రాసెయ్. చిన్నపిల్లవి, నిన్నెవరూ ఏమీ అనరు” అన్నారు మెత్తగా.

నేను బీరువా తీసి సీసా ఆయన ముందు పెట్టాను. “మూత తియ్యండి సార్. ఏ డెక్క పెద్దదో సూసి మీరే రాయండి.”

ఆయన సీసా ముట్టుకోలేదు. మొహం కందగడ్డలా అయింది. “ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా? నీ థీసిస్ మీద సంతకం నాది. నీ పేరు లోకంలో నిలబెట్టాను, ఇంకేం కావాలి నీకు?”

“నా పేరు నాకు మాయమ్మ ఎట్టింది సార్, మీరెట్టక్కర్లేదు. ఆ పీతకి పేరెట్టాల్సింది నాను. అది లాక్కున్నారు. ఇప్పుడు మీ తప్పు కూడా నా నెత్తినెడతారా? సిగ్గు లేదా సార్ మీకు?”

ఆయన “బయటికి నడు” అని అరిచారు. సీసా తీసుకుని నడిచాను.

పీతని బయటికి తీసి, నాలుగు వైపులా ఫొటోలు తీసి, కొలతలన్నీ మళ్ళీ తీసి సైట్లో పెట్టాను. పెట్టేముందు ధర్మేంద్రకి ఫోన్ చేశాను.

“ఆయన పేరు పీకీమంటావా? నాకు సిటికెలో పని” అన్నాడు.

“పీకినా మళ్ళీ ఎట్టాల్సిందే బావా. అచ్చయిపోనాది” అన్నాను.

మా పద్ధతిలో వర్ణన తప్పయినా ముందు అచ్చయిన పేరే నిలుస్తుంది. ఎవరైనా దాన్ని సరిగ్గా దిద్దితే ఆ పేరు ఇంకా గట్టిపడుతుంది. అంటే నా చేతులతో నేనే ఆ పీతని ఆయనకి కట్టబెట్టాలి. వదిలేద్దామా అని చాలాసేపు కూర్చున్నాను. వదిలేస్తే రేపు గెడ్డలో దిగే పిల్ల ఎవరో ఎడమ డెక్క కోసం వెతుక్కుంటుంది. బటన్ నొక్కాను.

థీసిస్ మీద సంతకం ఇంకా పడలేదు. సైట్లో ఆ పీత పేజీలో ఇప్పుడు రంగు, కొలత, డెక్క అన్నీ నిజమే, పేరు పెట్టినవారెవరన్నది ఒక్కటి తప్ప.